లారెల్ ఆకుల తోరణం

మావారు శేషగిరిరావుకు ఇళ్ళకు వెలకట్టే ఆఫీసులో ఉద్యోగం. ఇంగ్లండులో మేముండే హారోలో ఎవరైనా ఇల్లు కొనుక్కోవాలంటే ఇళ్ళ అప్పులిచ్చే సొసైటీకి వెళతారు. ఆ ఇల్లు నిజంగా ఎంత చేస్తుందో చూసి చెప్పమని సొసైటీవాళ్ళు మావారి ఆఫీసుకు రాస్తారు. ఆ ఇంటికి వెళ్ళి గదులు కొలవడం, నేల చెక్కల కింద తేమ చూడటం, అటకెక్కి దూలాలు తట్టి చూడటం ఆయన పని. చివర వెల రాసి సంతకం పెట్టేది మాత్రం ఆఫీసు పెద్దాయన మిస్టర్ ఎల్విన్. మావారి సంతకం చెల్లాలంటే ఆ వృత్తివాళ్ళ సంఘంలో ఆయన సభ్యులు కావాలి. మేం ఇంగ్లండు వచ్చిన దగ్గర్నుంచి ఆయన కోరుకున్నది అదొక్కటే.

బందరు సర్వే ఆఫీసులో ఆయన చేసిన ఉద్యోగానికి ఇక్కడ విలువ లేదన్నారు. మళ్ళీ మొదట్నుంచి పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివారు. నేను మా ఊరి హైస్కూలు దాటి చదవలేదు. ఆ పుస్తకాల్లో నాకు అర్థమయ్యేవి బొమ్మలే. కానీ కొలత నేర్చుకోవడానికి రెండు చేతులు చాలవు గనక టేపు మొదలు పట్టుకుని గోడ దగ్గర నిలబడేదాన్ని. మా ఒక్క గదినీ అన్ని వైపుల నుంచీ కొలిచాం. ఆదివారాలు నడకకు వెళితే ఇటుకను చూసి, పొగగొట్టాన్ని చూసి ఆ ఇల్లు ఏ కాలంలో కట్టారో చెప్పమనేవారు. మొదట్లో నాకు ఆ ఇళ్ళన్నీ ఒకేలా కనిపించేవి. తర్వాత్తర్వాత గోడ మీద మరక చూస్తే అది పైకప్పు నుంచి దిగిందో, నేలలోంచి ఎక్కిందో చెప్పగలిగేదాన్ని. ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు గుమ్మం ముందు ఆగి, తలెత్తి కప్పునూ వాననీరు పోయే చూరు గట్టర్లనూ చూడటం ఆయనకు అలవాటైపోయింది. మనుషుల కంటే ముందు కప్పును పలకరిస్తారని నేను ఆటపట్టించేదాన్ని.

పరీక్షలన్నీ పాసయ్యారు. ఆ సాయంత్రమే మిస్టర్ ఎల్విన్ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పారట. పరీక్ష సగం పనేనట. సంఘంలో చేరాలంటే ఇద్దరు సభ్యులు ఇతను మాకు తెలుసు, నమ్మదగినవాడు అని సంతకం పెట్టాలి. తెలియాలంటే మనిషి కనిపిస్తూ ఉండాలి. నెలనెలా ఒక సాయంత్రం చర్చి హాల్లో స్థానిక సభ్యులందరూ కలుస్తారు, ఎవరో ఒకరు ప్రసంగిస్తారు. "నువ్వు రా. నలుగురిలో తిరుగు. ప్రశ్నలడుగు" అన్నారట.

మావారు ఒక్క సమావేశం కూడా మానలేదు. జ్వరంతో వెళ్ళారు, మంచులో వెళ్ళారు, కరెంటు కోతల నెలలో టార్చిలైటు పట్టుకుని వెళ్ళారు. మందు అలవాటు లేకపోయినా చేతిలో గ్లాసు లేకపోతే ఎదుటివాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందని నారింజరసం గ్లాసు పట్టుకు నిలబడటం నేర్చుకున్నారు. అందరికంటే ముందు వెళ్ళి కుర్చీలు వేసేవారు, అయ్యాక తీసి గోడవారగా పేర్చేవారు. అడగకుండానే ఆ పని ఆయనదైపోయింది. అందరికీ ఆయన తెలిశారు. కుర్చీలు బాగా వేస్తాడని తెలిశారు.

ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగలేదు. సమావేశం ఉన్న రోజు పొద్దున స్నానాలగదిలోంచి ఇంగ్లీషులో ఒక ప్రశ్న వినబడేది. మళ్ళీ మళ్ళీ, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గొంతు పెంచి. ఇంటికొచ్చాక అడిగారా అంటే తల అడ్డంగా ఊపేవారు. "పెద్దవాళ్ళు నిలబడి చెబుతుంటే మధ్యలో లేచి ప్రశ్న వెయ్యడానికి నాకు నోరు రాదు సుభద్రా. మా నాన్నగారినే ఎప్పుడూ ఏదీ అడగలేదు" అనేవారు.

పందొమ్మిది వందల డెబ్బైరెండు వేసవిలో మిస్టర్ ఎల్విన్ తనే ఆయన్ను పిలిచారు. నవంబరు సమావేశంలో చిన్నవాళ్ళ చేత ప్రసంగాలు ఇప్పిస్తున్నామనీ, పాత ఇళ్ళలో తేమ గురించి నువ్వొకటి చదవాలనీ అన్నారు. అది అయ్యాక తను సంతకం పెడతాననీ, రెండో సంతకానికి ఇంకొక మిత్రుడితో మాట్లాడి ఉంచాననీ కూడా అన్నారు. ఆ రోజు మావారు బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచి వచ్చారు. వచ్చాక కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని, ఎల్విన్ అన్న మాటలన్నీ ఆయన గొంతుతోనే అప్పజెప్పారు. నేను పెసరపప్పు పాయసం చేశాను. ఆ వారమంతా ప్రసంగం రాసుకోవడం, నాకు చదివి వినిపించడం. నాకు ఇంగ్లీషు సగమే తెలిసినా ఎక్కడ ఏ గోడ గురించి చెబుతున్నారో తెలిసేది. ఆ గోడలు చాలా నేనూ చూసినవే.

ఆ ఆదివారమే డాక్టరు రామ్మోహన్‌గారూ హైమావతి ఆంటీ మా గదికి వచ్చారు.

వాళ్ళ గురించి చెప్పాలి. మేం ఈ దేశంలో దిగిన చలికాలంలో ఏ గది తలుపు తట్టినా ఇప్పుడే ఇచ్చేశాం అన్న సమాధానమే వచ్చేది. డాక్టరుగారు హాస్పిటల్లో రాత్రి డ్యూటీ చేసి వస్తూ స్టేషను దగ్గర మా ట్రంకుపెట్టె మీద బందరు అన్న అక్షరాలు చూసి ఆగారు. వాళ్ళది తెనాలి. అద్దె ఇంట్లో తమ పిల్ల పడుకునే గది ఖాళీ చేసి మాకిచ్చారు. ఆ చలికాలమంతా అక్కడే ఉన్నాం. హైమావతి ఆంటీ నాకు కోటు కొనిపెట్టింది, బస్సెక్కడం నేర్పింది, నాకు కడుపు పోయినప్పుడు పక్కన పడుకుని తల నిమిరింది. ఒక్కసారి కూడా మాకు దాన్ని గుర్తు చెయ్యలేదు. అలాంటి మనుషులు.

ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళు సొంతానికి ఒక ఇల్లు చూసుకున్నారు. అది మిసెస్ టట్‌హిల్ అనే వితంతువుది. ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీగా ఉంది. వెలకట్టమని సొసైటీ ఉత్తరం వచ్చింది మావారి ఆఫీసుకే. కొనేవాళ్ళు తనకు తెలిసినవాళ్ళని మావారు ముందే చెప్పారు. అందుకని మిస్టర్ ఎల్విన్ తానే వెళ్ళి చూసి వెలకట్టారు. వంటగది నేల కింద తేమ ఇంకోసారి చూడాల్సి ఉందని తాళంచెవి మాత్రం మావారి చేతికిచ్చారు.

కాగితాలు లాయర్ల దగ్గర నలుగుతున్నాయి. సంతకాలు ఎప్పటికవుతాయో తెలియదు. ఈలోగా తెనాలి నుంచి వాళ్ళ పురోహితుడు ముహూర్తం పెట్టి పంపాడు. శ్రావణంలో ఒక పొద్దున. అది దాటితే మూఢం, తర్వాత కూడా ఆంటీ నక్షత్రానికి చాలాకాలం మంచిరోజు లేదట.

"అక్కడి ముహూర్తం ఇక్కడి గడియారానికి ఎప్పుడవుతుందో లెక్కగట్టడానికి నా డాక్టరు చదువు చాల్లేదయ్యా గిరీ" అని డాక్టరుగారు నవ్వారు.

ఆంటీ నవ్వలేదు. ఆ తాళంచెవి ఒక్క పొద్దుటికి తీసుకురాగలవా అని అడిగింది. పాలు పొంగించి, గడపకు పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని వచ్చేస్తామంది. ఏ వస్తువూ ముట్టుకోం అంది. తెనాలిలో కట్టుకున్న మొదటి ఇంట్లో ముహూర్తం చూడకుండా చేరారనీ, ఆ ఇంట్లోనే కొడుకు పోయాడనీ మాకు తెలుసు. ఆ మాట ఆమె అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

మావారు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు.

"కుదరకపోతే వద్దులే. ఇబ్బంది పడకు" అన్నారు డాక్టరుగారు. ఆ మాట అంత మెత్తగా అనకుండా ఉంటే కుదరదని చెప్పడం సులువయ్యేదేమో.

"అలాగే ఆంటీ" అన్నారు మావారు.

వాళ్ళు వెళ్ళాక నేను కప్పులు కడుగుతూ, ఎల్విన్‌గారిని ఒకమాట అడిగి చూడకూడదా అన్నాను.

"ఏమని అడగను? ఇన్నేళ్ళలో ఆయన్ను నేను ఒక్కటీ అడగలేదు. మొదటిసారి నోరు తెరిచి మావాళ్ళు పాలు పొంగించుకుంటారట, వాళ్ళది కాని ఇంట్లో, అననా?" అన్నారు. మళ్ళీ తనే, "అడిగితే కాదంటారు. కాదన్నాక ఆంటీకి ఏం చెప్పను?" అన్నారు.

నేను కడిగిన కప్పులు తుడిచి బోర్లించాను.

ఆ పొద్దున వాన వెలిసి ఎండగా ఉంది. మావారు తలుపు తీసి పక్కకు నిలబడ్డారు. ఆంటీ పట్టుచీర కట్టుకుంది. కుడికాలు లోపల పెట్టింది. వాళ్ళమ్మాయి వైదేహి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. గుమ్మం బయటే ఆగి, "మమ్, ఇట్స్ నాట్ అవర్ హౌస్ యెట్" అంది. శుభమా అని వచ్చి అదేం మాటే, లోపలికి రా అని ఆంటీ కసిరింది.

మామిడాకులు దొరకలేదు. డాక్టరుగారు కంచెలోంచి నాలుగు లారెల్ రెమ్మలు విరిచారు. నున్నగా, ముదురు పచ్చగా ఆ ఆకులు మామిడాకుల్లాగే ఉన్నాయి. ఆంటీ దారానికి గుచ్చి గుమ్మానికి కట్టింది. ఆ కంచె మిసెస్ టట్‌హిల్‌దని మావారి మొహం చూస్తే నాకు గుర్తొచ్చింది.

వంటగదిలో గ్యాసు పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టారు. తూర్పు వైపుకు పొంగితే మంచిదని అందరం గిన్నె చుట్టూ నిలబడ్డాం. పాలు తూర్పుకే పొంగాయి. ఆంటీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడ్చిందనుకుంటాను. డాక్టరుగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. మావారు కూడా ఆ క్షణంలో నవ్వారు. ఆయన అంత తేలిగ్గా నవ్వడం నేను ఆ వారంలో చూడలేదు.

తర్వాత నేను పొయ్యి తుడిచాను. కారిన పాలు తుడిచాను. గిన్నె సంచిలో పెట్టాను. గుడ్డ తడిపి గుమ్మం దగ్గరికి వచ్చాను. అక్కడ తెల్లగా తోమిన రాతిగడప మీద పసుపు, కుంకుమ బొట్లు. పైన తోరణం. మావారు తోరణం దారం అందుకోబోయారు.

"తియ్యకూడదు గిరీ" అంది ఆంటీ.

"ఇంకా కాగితాలు కాలేదు ఆంటీ. ఎవరైనా వస్తే..."

"ఎవరొస్తారయ్యా ఖాళీ ఇంటికి? శుభం జరిగిన గడపను ఆ క్షణంలోనే ఎవరైనా కడుక్కుంటారా? తోరణం దానంతట అది ఎండి రాలాలి."

ఆయన చెయ్యి దారం మీదే ఆగింది. నావైపు చూశారు. నేను చేతిలో తడిగుడ్డతో నిలబడ్డాను. ఆ గడపను తుడవడానికి ఎంతో సేపు పట్టదు. కానీ ఇప్పుడే మొహం కప్పుకుని ఏడ్చిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది. చనిపోయిన బిడ్డ తాలూకు భయాన్ని ఆ పసుపుతో అణిచిపెట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముందు వంగి దాన్ని తుడవడం నావల్ల కాలేదు. నేను తుడవలేనని ఆయనకూ తెలిసింది. చెయ్యి దించేశారు. ఆఫీసు అయ్యాక సాయంత్రం వచ్చి తీసేస్తానని బస్సులో నా చెవిలో చెప్పారు.

సంగతి సాయంత్రం దాకా ఆగలేదు. మిసెస్ టట్‌హిల్ మేనల్లుడు గోడగడియారం తీసుకెళ్ళడానికి మధ్యాహ్నం వ్యానులో వచ్చాడు. అతని దగ్గర ఇంకొక తాళంచెవి ఉందని ఎవరికీ తెలియదు. గడప మీద పసుపూ ఎరుపూ, గుమ్మానికి తన అత్త కంచె ఆకులూ, ఇల్లంతా మాడిన పాల వాసన. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసు గనక తిన్నగా ఆఫీసుకు వచ్చాడు.

మావారు దాచలేదు. తాళంచెవి నేనే తీసుకెళ్ళాను, నేనే తలుపు తీశాను అని ఒప్పుకున్నారు. ఎందుకని మిస్టర్ ఎల్విన్ అడిగితే, మూఢం అంటే ఏమిటో, మొదటి ఇంట్లో ఏం జరిగిందో, ఆ చలికాలం మమ్మల్ని ఎవరు బతికించారో, ఇవన్నీ ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మత సంబంధమైన కార్యక్రమం అని మాత్రం అన్నారట.

ఎల్విన్ కోప్పడలేదు. అదే మావారిని ఎక్కువ బాధపెట్టింది. తాళంచెవి మన చేతికిచ్చినవాళ్ళు మనల్ని చూసి ఇస్తారు, మన వృత్తిలో ఉన్నదంతా అదే అన్నారట. ఈ ఏడాది తను సంతకం పెట్టలేననీ, నవంబరు ప్రసంగం వేరే కుర్రాడికి ఇస్తున్నాననీ చెప్పారు. మావారు లేచి తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచారట.

"నన్ను ఒకమాట అడిగి ఉండాల్సింది. నేనే మిసెస్ టట్‌హిల్‌కు ఫోన్ చేసేవాణ్ణి. ఆవిడ కాదనేది కాదు" అన్నారట. తర్వాత, "సమావేశాలకు రావడం మాత్రం మానకు" అన్నారట.

ఇదంతా మావారు నాకు ఒకేసారి చెప్పలేదు. ఒకరోజు అన్నం తింటూ ఒక ముక్క, ఇంకోరోజు బూట్లు విప్పుకుంటూ ఒక ముక్క. ఫోన్ మాట అన్నిటికంటే చివర చెప్పారు. చెప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళి ఎదురింటి కప్పు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఏ ఇంటికైనా వెలకట్టగల మనిషి, అడగగలిగి ఉండి అడగని ఒక్క మాటకు వెలకట్టలేక నిలబడ్డట్టు నాకనిపించింది. దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళి ఏం చెయ్యాలో తెలియక బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

ఇల్లు అమ్మకం ఆగలేదు. ఆఫీసువాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు, మిసెస్ టట్‌హిల్ పట్టించుకోలేదు. డాక్టరుగారికి ఈ గొడవ ఏదీ తెలియనివ్వలేదు. నేను చెబుదామన్నాను. "చెబితే ఆంటీ ఆ ఇంట్లో సుఖంగా నిద్రపోతుందా? మంచిరోజని మొదలుపెట్టిన ఇంట్లో మొదటి రోజే ఒకడి బతుకు దెబ్బతిందంటే ఇంకేం చూసుకుంటుంది?" అన్నారు. అదీ నిజమే. ఆయన ఆఫీసులో మాట రాక దెబ్బతిన్నారు, ఇక్కడ మాట ఉండి మింగుతున్నారు. రెండుచోట్లా నేను చేసింది ఏమీ లేదు.

వాళ్ళు ఆ ఇంట్లో చేరారు. కార్తీక పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకుని, దంపతులు ఇద్దరూ పీటల పక్కనే కూర్చోవాలని ఆంటీ మమ్మల్ని పిలిచింది. అదే నవంబరు సమావేశం రోజు. మావారు ఆ సంగతి నాకు గుర్తు చెయ్యలేదు, నేనూ అనలేదు. ఆ పొద్దున స్నానాలగదిలోంచి ఏ ప్రశ్నా వినబడలేదు.

పూజ సాయంత్రం మొదలైంది. ముందుగదిలో చలికాచుకునే గ్యాసు మంట ఎదురుగా పీటలు, అరటిపళ్ళు, రవ్వప్రసాదం వాసన. గుమ్మానికి లారెల్ ఆకులే మళ్ళీ, ఈసారి సొంత కంచెవి. కిటికీ కింద గోడ మీద చిన్న మరక ఉంది చూడవయ్యా అని డాక్టరుగారు అంటే, మావారు మోకాళ్ళ మీద కూర్చుని గోడ తట్టి చూశారు. బయట మట్టి గోడకు ఆనుకుని ఎత్తుగా ఉందనీ, తవ్వించేస్తే ఆరిపోతుందనీ చెప్పారు. ప్రసంగంలో ఆ మాట రెండో పేజీలో ఉంటుంది. నాకు బాగా గుర్తు.

"ఏమయ్యా, నీ పేరు వెనక ఆ సంఘం అక్షరాలు ఎప్పుడు పడతాయి? పెళ్ళికొడుకు ముసలాడైపోతున్నాడు" అన్నారు డాక్టరుగారు.

"చూడాలండీ. ఇంకో ఏడాది" అన్నారు మావారు.

"గిరి చెయ్యి మంచిది. అతను తలుపు తీసిన వేళ మంచిది. ఎన్నేళ్ళకు నేను ఇలా నిద్రపోతున్నాను" అంది ఆంటీ నాతో, నా నుదుట కుంకుమ పెడుతూ. ఆమె మొహం నిజంగానే తేరుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మావారు నావైపు చూశారు. ప్రసాదంలో జీడిపప్పు బాగా వేశారు ఆంటీ అన్నాను.

కథ సగంలో ఉండగా ఆయన లేచారు. ఆఫీసు పని ఉందన్నారు. ప్రసాదం తీసుకోకుండా వ్రతంలోంచి లేచి వెళ్ళకూడదని ఆంటీ కంగారుపడి, కాగితంలో పొట్లం కట్టి ఆయన కోటు జేబులో పెట్టింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"వెళ్ళకపోతే ఏం?" అన్నాను మెల్లిగా.

"కుర్చీలు ఎవరు వేస్తారు?" అన్నారు.

గేటు దగ్గర ఆంటీ వెలిగించిన దీపాలు గాలికి వణుకుతున్నాయి. ఆయన దీపాలు దాటి, రోడ్డు మీదికి వెళ్ళి ఆగారు. వెనక్కి తిరిగి, వీధిలైటు వెలుగులో తలెత్తి కప్పు చూశారు, చూరు గట్టరు చూశారు, పొగగొట్టం చూశారు. జేబు మీద చెయ్యి పెట్టుకుని ఆ ఇంటిని కాసేపు అలాగే చూసి, హాలున్న వైపుకు నడిచి వెళ్ళిపోయారు.

డాక్టరుగారు నా వెనక వచ్చి నిలబడ్డారు. "ఏం చూస్తున్నాడమ్మా అంత సేపు?"

"ఇల్లు బాగుందని చూస్తున్నారండీ" అన్నాను.